చూరు కింద నిలబడొద్దు

మా క్యాబిన్ రేకుల కప్పు గురించి ఏడు చలికాలాలు చూశాక రాస్తున్నాను. రెండో ఏడాదే రాసుంటే ఇది ఒట్టి పొగడ్తగా మిగిలేది.

మా క్యాబిన్ మిషిగన్ ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సులోకి పొడుచుకెళ్లిన కీవెనా ద్వీపకల్పంలో ఉంది. 1978-79 చలికాలంలో అక్కడ 390.4 అంగుళాల మంచు పడిందని రోడ్డు పక్కన థర్మామీటరు ఆకారంలో ఒక బోర్డు పెట్టారు. అంటే ముప్పై రెండున్నర అడుగులు! అలాంటి చోట కప్పు మీద మంచు నిలవకూడదని స్టీలు రేకులు తెచ్చి, ఒక స్నేహితుడి సాయంతో నేనే బిగించాను. ఫోటో చూసి మా నాన్న, "అమెరికా వెళ్లి రేకుల షెడ్డు వేశావేంట్రా" అన్నారు.

మొదటి రెండేళ్లూ ఆ రేకులతో నాకు ప్రేమే. చుట్టుపక్కల వాళ్లు నిచ్చెనలెక్కి కప్పు మీది మంచు లాగుతుంటే నేను లోపల కూర్చుని టీ తాగేవాణ్ణి. "పార పట్టే పనే లేదు" అని కనిపించిన తెలుగువాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

మూడో ఏడాది ఫిబ్రవరి. మూడు వారాలుగా గడ్డకట్టే చలి, క్యాబిన్ ఖాళీ, కప్పు మీద రెండడుగుల మంచు కదలకుండా ఉంది. రాత్రికి చేరుకుని కట్టెల పొయ్యి రాజేశాం. కప్పు లోపలి నుంచి వేడెక్కితే రేకుకీ మంచుకీ మధ్య సన్నటి నీటి పొర ఏర్పడుతుంది, ఆ తర్వాత మంచును పట్టి ఉంచేది ఏదీ ఉండదు. అర్ధరాత్రి దాటాక టిప్పరు కంకర దింపినట్టు ఒకటే చప్పుడు. గోడలు అదిరాయి. మా ఆవిడ భూకంపం అనుకుంది. తలుపు తీయబోతే రాలేదు. కప్పు మీద ఆ వైపు వాలున ఉన్న మంచు అంతా ఒక్కసారిగా జారి గుమ్మం ముందు పడింది.

అంతటితో పోతే బాగుండేది. కాసేపటికి బాత్రూం సీలింగ్ నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు. కిటికీలోంచి దూకి టార్చి వేసి చూస్తే, మరుగుదొడ్డి గాలిగొట్టం మొదలంటా విరిగి మంచు కుప్పలో పడుంది. దాని చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగి రేకుకు వేలాడుతోంది. ఆ గొట్టాన్ని చూరుకు నాలుగడుగుల పైన పెట్టింది నేనే, ప్లంబింగుకు అదే దగ్గర దారి కదా అని. మంచు దేశంలో కప్పు మీదికి వచ్చే ఏ గొట్టమైనా కొప్పుకు, అంటే రెండు వాలులూ కలిసే పై అంచుకు, ఆనుకుని ఉండాలి, జారే మంచు బరువు అక్కడే తక్కువ. తలుపు కూడా వాలు కింద కాకుండా ముక్కోణపు గోడ వైపు ఉండాలి. రేకులు కొన్న కొట్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

వేసవిలో గొట్టాన్ని కొప్పు దగ్గరికి మార్చాను. తలుపు పైన మంచును ఆపే కడ్డీ బిగించాను. మాది పైన మేకులు కనిపించే రకం రేకు, అందుకని కడ్డీ కోసం మళ్లీ బెజ్జాలు వేయక తప్పలేదు. స్టాండింగ్ సీమ్ (మేకులు బయటికి కనిపించకుండా, రేకుల అంచులు పైకి మడిచి కలిపే రకం) అయితే మడతకే బిగింపు పట్టేది, ఒక్క చిల్లు కూడా పడేది కాదు. ఇంకోటి, చూరు కింద పడ్డ మంచు రెండు రోజుల్లో సిమెంటులా బిగుస్తుంది. తవ్వకపోతే కుప్ప పెరిగి పెరిగి కప్పు అంచును అందుకుంటుంది. పార పట్టే పని కప్పు మీద తప్పింది, నేల మీద పెరిగింది.

అయినా మళ్లీ కట్టినా రేకే వేస్తాను. కాకపోతే మేం డెట్రాయిట్ వైపు నుంచి పది గంటలు నడుపుకుంటూ ఏడాదికి ఏడెనిమిది సార్లు వెళ్లేవాళ్లం. అక్కడే కాపురముండి రోజూ పొయ్యి వెలిగించేవాళ్లకు మంచు కొద్దికొద్దిగా జారుతుందేమో, మాలా ఒకే దెబ్బకు కాకుండా. ఇప్పుడైతే క్యాబిన్‌కు చేరగానే కారు వాలు వైపు ఆపను. పొయ్యి వెలిగించాక తెల్లారేదాకా పిల్లల్ని ఆ వైపు పోనివ్వను.