రిసెప్షన్ ఆర్కెస్ట్రా: ట్రాక్స్‌కి 2 స్టార్లు, కీబోర్డ్‌కి 5

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి కూతురి రిసెప్షన్‌కి పెట్టుకున్న ఆర్కెస్ట్రా గురించి, పేరు వద్దులెండి. సింగర్స్ బాగా పాడారు, సౌండ్ ఓకే. కానీ మొదటి గంటంతా ట్రాక్స్ (ముందే రికార్డ్ చేసిన మ్యూజిక్) మీదే లాగించేశారు, కీబోర్డేమో స్టాండ్ మీద ఖాళీగా ఉంది. మా పెద్దత్త పాత పాటొకటి ఎత్తుకుంది, ట్రాక్ శ్రుతి ఆవిడకి ఎక్కువైపోయి చరణంలో ఆగిపోయింది, ట్రాక్ ఆగదు కదా, దాని దారిన అది పోయింది, చాలా బాధేసింది.

అప్పుడొచ్చి కూర్చున్నాడండీ కీబోర్డ్ అబ్బాయి! పల్లవి ఒకసారి అనండమ్మా అన్నాడు, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మూడుసార్లు కిందికి నొక్కాడు, 5½ శ్రుతి కాస్తా 4కి దిగింది. కుడిచేత్తో ఫ్లూట్ బిట్ వాయిస్తూ ఎడమచేత్తో పిచ్ బెండ్ వీల్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చిన్న చక్రం) కొంచెం కొంచెం కదుపుతుంటే గమకం ఎంత బాగా పలికిందో, అత్త ఊపిరి తీసుకున్నచోట తనూ ఆగాడు, మళ్లీ అందుకున్నాడు. ట్రాక్ శ్రుతి కూడా ల్యాప్‌టాప్‌లో దించొచ్చు, కానీ బాగా దించితే కోరస్ గొంతులు బొంగురుపోతాయి.

డాన్స్ పాటలకి ట్రాకే కరెక్ట్, అన్ని డప్పులు, వయొలిన్లు ఒక్కడి వల్ల కాదు. మెలోడీలకి మాత్రం కీబోర్డ్ లైవ్‌లో కావాలని అడ్వాన్స్ ఇచ్చేముందే గట్టిగా చెప్పండి.