విశాఖలో పెల్లెట్ పొయ్యి కొనబోయేవారు బయానా ఇచ్చే ముందు చదవండి

పిండివంటలకో, చిన్న క్యాటరింగుకో చెక్కపొట్టును నొక్కి చేసిన పెల్లెట్లతో మండే పొయ్యి కొనాలని ఆలోచిస్తున్న విశాఖ వాసులందరికీ ఈ హెచ్చరిక రాస్తున్నాను. ఆ పొయ్యికి మేము 24,000 రూపాయలు పెట్టాము. ఆరు వారాలు తిరగకముందే, కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం, కాగుతున్న నూనె బాణలి చుట్టూ మంట ఎగసి మా అత్తగారి ముంజేయి కాలింది. ఆవిడ ఇప్పుడు కోలుకున్నారు. అమ్మినవారు మాత్రం అదే పొయ్యిని, అవే మాటలు చెప్పి, ఇప్పటికీ అమ్ముతున్నారు.

మాది పెదవాల్తేరు. పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని దసరా నుంచి సంక్రాంతి దాకా అరిసెలు, జంతికలు, కజ్జికాయలు ఆర్డర్ల మీద చేసి ఇస్తుంటాము. అమ్ముకునే వంటకు ఇంటి సిలిండరు వాడకూడదు గనుక 19 కిలోల సిలిండర్లే తెప్పించుకుంటాము, వాటి ఖర్చే ప్రతి ఏడూ మా మిగులును తినేస్తోంది. ఈ సంగతి ఎవరి ద్వారానో విని నగర శివారులోని ఒక వర్క్‌షాపు వారు ఇంటికే వచ్చారు. "పొగ రాదు మేడమ్, గొట్టం కూడా పేరుకే. ఏ పెల్లెట్లయినా వేసుకోవచ్చు. కిలో గ్యాసు చేసే పని రెండు కిలోల పెల్లెట్లు చేస్తాయి" అని చెప్పారు. ఫోనులో ఒక వీడియో చూపించారు. మేము సగం డబ్బు ఆ రోజే పంపించాము.

ముందుగా ఆ రెండు కిలోల లెక్క సంగతి చెబుతాను, ఎందుకంటే మమ్మల్ని ఒప్పించింది అదే. కిలో వంటగ్యాసులో సుమారు 11,000 కిలోకేలరీల వేడి ఉంటుంది, మంచి చెక్క పెల్లెట్లలో కిలోకు 4,000 పైచిలుకు ఉంటుంది. అంటే కాగితం మీదే రెండు కిలోలు చాలవు, రెండున్నర కిలోలు దాటుతుంది. ఆ వేడిలో గిన్నెకు చేరేది ఎంత అన్నది ఇంకొక లెక్క. ఇంటి గ్యాసు పొయ్యి కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలని భారతీయ ప్రమాణం కోరుతుంది. కట్టెలు, పెల్లెట్ల వంటి ఘన ఇంధనపు పొయ్యిలకు ఉన్న ఐఎస్ 13152 ప్రమాణమైతే, బ్లోయరు, అంటే కరెంటుతో గాలి ఊదే ఫ్యాను, ఉన్న పొయ్యికి కనీసం 35 శాతం ఉండాలంటుంది. ఈ రెండూ కలిపి చూస్తే కిలో గ్యాసు పనికి దాదాపు 5 కిలోల పెల్లెట్లు పడతాయి. మేము రోజూ పుస్తకంలో రాసుకున్న వాడకం కూడా అటూ ఇటూగా అక్కడికే వచ్చింది. కిలో 14 రూపాయల చొప్పున కొన్న పెల్లెట్లకు ఆటో బాడుగ, నానిపోయి పారబోసిన సంచులు, రోజూ బూడిద ఎత్తి గొట్టం దులిపే శ్రమ కలుపుకుంటే మాకు మిగిలింది నామమాత్రమే.

ఇక పొయ్యి పనితీరు కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే తరువాత జరిగిన ప్రమాదం అర్థం కాదు. పెల్లెట్టు అంటే రంపపు పొట్టును ఎండబెట్టి, అచ్చు రంధ్రాలలోంచి గట్టిగా నొక్కి తీసిన, 6 లేదా 8 మిల్లీమీటర్ల లావుండే కడ్డీ ముక్క. చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఆ ఒత్తిడికి, వేడికి మెత్తబడి జిగురులా పొట్టును పట్టి ఉంచుతుంది. మా పొయ్యిలో ఇవి పక్కనున్న తొట్టిలోంచి వాలు గొట్టం గుండా జారి మండే గిన్నెలో పడతాయి. బ్లోయరు గాలి అక్కడికి రెండు దారుల్లో వెళ్తుంది. కింది రంధ్రాల గాలికి పెల్లెట్లు నిప్పై మండే వాయువును వదులుతాయి, పై వరుస రంధ్రాల గాలికి ఆ వాయువు పూర్తిగా కాలిపోతుంది. పొగ లేకపోవడమంతా ఆ పై వరుస గాలి చలవే. గాలి ఆగిందంటే ఆ పొయ్యి పొగ పుట్టించే కుంపటిగా మారుతుంది. ఈ ఒక్క మాట మాకు ముందే చెప్పి ఉంటే బ్యాటరీ లేకుండా దాన్ని వెలిగించేవాళ్ళమే కాదు.

పొయ్యితో పాటు ఇచ్చిన మొదటి మూడు సంచులు బాగానే ఉన్నాయి. నాలుగో సంచి నుంచి రంగు మారింది, పట్టుకుంటే వేళ్ళకు పొడి అంటింది, సంచి అడుగున రెండు పిడికిళ్ళ దుమ్ము ఉంది. అందులో ఊక, పంట వ్యర్థాలు కలిపారని తరువాత వారే ఒప్పుకున్నారు. మంచి చెక్క పెల్లెట్లు కాలితే నూటికి ఒక పాలు లేదా అంతకంటే తక్కువే బూడిద మిగులుతుంది, ధాన్యపు ఊకలో పదిహేను నుంచి ఇరవై పాళ్ళు బూడిదే ఉంటుంది. వరిగడ్డి వంటి వాటిలో ఉండే పొటాషియం సిలికాతో కలిసినప్పుడు బూడిద తక్కువ వేడికే కరిగి, చల్లారాక గాజు పెంకులా గడ్డకడుతుంది. మా మండే గిన్నె అడుగున రోజూ కమ్మరి కొలిమిలోని చిట్టెం లాంటి గడ్డలు తేలేవి. అవి కింది రంధ్రాలను మూసేయడంతో గాలి తగ్గేది, గాలి తగ్గితే పొగ పెరిగేది. మేము గునపంతో పొడిచి తీయవలసి వచ్చేది, అలా పొడిచినప్పుడల్లా లోపలి రేకు దెబ్బతినేది. "ఏ పెల్లెట్లయినా వేసుకోవచ్చు" అన్న మాటకు మేము చెల్లించిన వెల ఇది.

మన ఊరి గాలి మరొక సమస్య. సముద్రం పక్కన ఉన్న మాకు ఎండలు మండే రోజుల్లో కూడా ఉప్పు డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లుతుంది. పెల్లెట్లలో తేమ పది శాతం లోపు ఉండాలి, సంచి మూతి విప్పి షెడ్డులో వదిలేస్తే వారం లోపే అవి ఉబ్బి, వేళ్ళతో నలిపితే పొట్టుగా రాలిపోయాయి. ఇప్పుడైతే మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో, ఇటుకల మీద ఎత్తుగా పెడతాను. ఇదే గాలికి పొయ్యి కూడా లొంగిపోయింది. లోపలి గోడ స్టెయిన్‌లెస్ స్టీలు అని చెప్పి మామూలు ఇనుప రేకు వేశారని, నెల తిరిగేసరికి తుప్పు పొరలు పొరలుగా లేచినప్పుడు తెలిసింది. అయస్కాంతం పెట్టి చూస్తే చాలని కొందరు అంటారు గానీ, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకుంటుంది గనుక, ఏ గ్రేడో బిల్లు మీద రాయించుకోవడమే నికరమైన పద్ధతి.

పొగ గొట్టాన్ని వారు షెడ్డు గోడలోంచి అడ్డంగా బయటకు తీసి, రేకు అంచు కిందే వదిలేశారు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే పొగ అదే గొట్టంలోంచి వెనక్కి వచ్చేది. గొట్టం నిలువుగా లేచి, కప్పును దాటి పైకి వెళ్ళాలి, మీద వాన పడకుండా టోపీ ఉండాలి, రేకును తాకే చోట వేడి తగలకుండా ఖాళీ వదలాలి, అతుకులన్నీ బిగించి ఉండాలి. ఈ పని మా వారు తరువాత వేరే మనిషిని పెట్టి చేయించారు.

ఆ సాయంత్రం సంగతికి వస్తాను. నవంబరు మూడో వారంలో ఒక పెళ్ళి సారెకు అరిసెలు వండుతున్నాము. తొట్టి నిండా పెల్లెట్లు ఉన్నాయి, బాణలిలో నాలుగు కిలోల నూనె కాగుతోంది, అత్తగారు అరిసెల చెక్క పట్టుకుని పక్కనే ఉన్నారు. కరెంటు పోయింది. బ్లోయరు ఆగిన నిమిషం లోపే మంట పడిపోయి షెడ్డంతా తెల్లటి దట్టమైన పొగ కమ్మింది. ఆ పొగ అంటే గాలి అందక కాలకుండా మిగిలిపోయిన మండే వాయువేనని మాకప్పుడు తెలియదు. నాలుగైదు నిమిషాలకు కరెంటు వచ్చింది, ఎవరూ స్విచ్చు ముట్టుకోకుండానే బ్లోయరు పూర్తి వేగంతో తిరిగింది. పోగుపడిన వాయువుకు, ఎర్రగా కణకణలాడుతున్న నిప్పులకు ఒక్కసారిగా గాలి తగలడంతో భగ్గుమని మంట బాణలి అంచులు దాటి పైకి లేచింది. అత్తగారి కుడి ముంజేయి కమిలిపోయింది, చీర కొంగు అంచు మాడింది. నూనెకు నిప్పు అంటుకోకపోవడం దేవుడి దయ. మా వారు ప్లగ్గు పీకేశారు, నేను పెద్ద మూత తెచ్చి బాణలి మీద వేశాను. నూనె మండుతున్నా, మండేలా ఉన్నా నీళ్ళు మాత్రం చల్లవద్దని, బాణలిని కదపవద్దని ఇక్కడే చెబుతున్నాను, ఆ కంగారులో మా మరిది బిందె తీసుకుని రాబోయాడు.

అంతటితో అయిపోలేదు. ప్లగ్గు తీశాక కూడా తొట్టిలో పెల్లెట్లు ఉన్నాయి, వాలు గొట్టంలోంచి నిప్పు మెల్లగా వెనక్కి పాకుతోంది. అరగంటకు తొట్టి మూత చేయి పెట్టలేనంత వేడెక్కి సందుల్లోంచి పొగ వచ్చింది. పెల్లెట్లు జారకుండా ఆపే పలక గానీ, నిప్పు వెనక్కి రాకుండా అడ్డుకునే ఏర్పాటు గానీ ఆ పొయ్యిలో అసలే లేవు. తొట్టిని విప్పి ఆరుబయట ఇసుకలో కుమ్మరించేసరికి రాత్రి తొమ్మిదయింది.

ఆ రాత్రి నాకూ, మా పాపకూ తలనొప్పి, వికారం. పాప షెడ్డు పక్క గదిలో చదువుకుంటోంది, ఆ గది కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. అరకొరగా కాలే ఇంధనం నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది, రంగూ వాసనా ఉండవు. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ వాయువు ఘాటుకు వెంకటాపురం పరిసరాల జనం నిద్ర లేచి పరుగెత్తారు. కార్బన్ మోనాక్సైడ్ ఎవరినీ అలా లేపదు. పొగ కనిపించడం మానేశాక కూడా నిప్పులు కణకణలాడుతున్నంతసేపు అది వస్తూనే ఉంటుంది. అపార్టుమెంటు బాల్కనీలో, మూసిన వంటగదిలో ఈ పొయ్యి పెట్టవచ్చని అమ్మకందారు చెబితే నమ్మకండి. బయటి షెడ్డులో పెట్టినా, దగ్గరి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టుకోండి.

మరుసటి రోజు ఫోను చేస్తే "కరెంటు పోగానే తొట్టి ఖాళీ చేసుకోవాలి మేడమ్, అందరూ అలాగే చేస్తారు" అన్నారు. ఆ మాట రాసిన కాగితం ఏదీ మాకు ఇవ్వలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరికి, కరెంటు మీదే ఆధారపడే పొయ్యిని బ్యాటరీ లేకుండా ఎలా అమ్ముతారని అడిగితే, బ్యాటరీకి మరో 3,500 అవుతుందని జవాబు వచ్చింది. తుప్పు గురించి అడిగితే వారంటీ పొయ్యి కాళ్ళకు, చట్రానికి మాత్రమేనన్నారు. చివరికి డబ్బు వెనక్కి ఇవ్వమంటే, మీరు వ్యాపారానికి కొన్నారు గనుక వినియోగదారుల చట్టం మీకు వర్తించదని బెదిరించారు.

ఈ చివరి మాట చాలామందిని వెనక్కి పంపేస్తుంది కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం తామే వాడుకోవడానికి కొన్న వస్తువు విషయంలో కొన్నవారు వినియోగదారులే. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళ లోపు, మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాము. మాకు సరైన బిల్లు లేదు, తెల్లకాగితం మీద రాసిన అంచనా మాత్రమే ఉంది. డబ్బు ఫోను ద్వారా పంపిన వివరాలు, వాట్సాప్‌లో వారి మాటలు, తుప్పు పట్టిన గోడ ఫొటోలు, ఆసుపత్రి చీటీ జతచేశాము.

పెల్లెట్ పొయ్యి జాతి మొత్తం చెడ్డదని నేను అనడం లేదు. అయినా కొనాలనుకుంటే, ఫోనులో వీడియో చూసి డబ్బు ఇవ్వకండి. ఐఎస్ 13152 ప్రకారం పరీక్షించిన నివేదిక అడగండి. మీ బాణలినే తీసుకువెళ్ళి గంట సేపు మండించమనండి, పోసిన పెల్లెట్లు తూకం వేయించండి. నూనె బదులు నీళ్ళు పెట్టి, మంట జోరుగా ఉన్నప్పుడు ప్లగ్గు పీకించి ఐదు నిమిషాలు దూరంగా నిలబడి చూడండి, తరువాత కరెంటు ఇప్పించండి. చల్లారాక బూడిద తీయించి, అందులో గడ్డలు ఉన్నాయేమో వేళ్ళతో నలిపి చూడండి. వారు ఇచ్చే సంచిలోంచి నాలుగు పెల్లెట్లు గ్లాసు నీళ్ళలో వేయండి, గట్టిగా నొక్కినవి ముందు మునుగుతాయి, నాసిరకానివి తేలుతాయి. ఈ పరీక్షకు ఒప్పుకోని చోట ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

మా పొయ్యి ఇప్పుడు పెరట్లో టార్పాలిన్ కింద ఉంది, సాక్ష్యంగా పనికివస్తుందని తుక్కుకు అమ్మలేదు. పక్కనున్న వాలు గొట్టం, ముందు భాగాన ఒకే స్విచ్చు, తొట్టికి ఆపే పలక లేని ఇలాంటి పొయ్యికి మీలో ఎవరైనా ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే, డెలివరీ తీసుకోకముందే రాతపూర్వకంగా రద్దు కోరండి. ఇంటికి వచ్చేసి ఉంటే, బ్యాటరీ అమర్చేవరకు దాని మీద నూనె బాణలి పెట్టకండి.