అప్‌డేట్ వచ్చి రిమైండర్ పోతే ఏం చేయడం మేలు?

క్యాలెండర్ యాప్‌లో రంగులు మారితే రెండు రోజులు విసుక్కుని ఊరుకుంటాం. రిమైండర్ తీరు మారితే అలా కుదరదు. మోగాల్సింది మోగలేదన్న సంగతి గడువు దాటాక గానీ తెలియదు మరి. అప్‌డేట్ వివరాల్లో చూస్తే "చిన్న చిన్న లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం" అని ఉంటుంది. ఏం తీసేశారో మాత్రం రాయరు. ఉన్నది ఊడబీకి మెరుగుపరిచామంటే ఒళ్లు మండదా?

ఈ తంతు కొత్తదేమీ కాదు. గూగుల్ క్యాలెండర్ 2019 జనవరిలో ఎస్సెమ్మెస్ రిమైండర్లు ఆపేసింది. వ్యాయామం లాంటి లక్ష్యాలకు ఖాళీ వేళలు వెతికిపెట్టే గోల్స్‌ను 2016లో తెచ్చి, 2022లో ఎత్తేసింది. పూర్తయిందని నొక్కేదాకా మర్నాటికి జరుగుతూ వచ్చే పాత రిమైండర్లను 2023లో టాస్క్స్ అనే తన పనుల జాబితాలో కలిపేసింది. మైక్రోసాఫ్ట్ అయితే సన్‌రైజ్ అనే క్యాలెండర్ యాప్‌ను 2015లో కొని, మరుసటి ఏడే మూసేసింది. అందుకే ఏ కంపెనీ నమ్మకమైనదని వెతకడం కన్నా, పోయినప్పుడు మన ముందున్న దారుల్లో ఏది మేలో చూసుకోవడం నయం.

అందరికీ ముందు తట్టేది పాత వెర్షన్‌కు వెళ్లిపోవడం. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌తో పాటు వచ్చిన యాప్ అయితే సెట్టింగ్స్‌లో "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" నొక్కి, ఆటో అప్‌డేట్ ఆపేయొచ్చు. ఐఫోన్‌లో యాప్ స్టోర్ అలా వెనక్కి వెళ్లనివ్వదు. వెళ్లగలిగినా ఇది తాత్కాలికమే. పైన చెప్పిన ఎస్సెమ్మెస్ లాంటివి తీసేసింది సర్వర్‌లో. ఫోన్‌లో ఎంత పాత యాప్ ఉన్నా అవి తిరిగి రావు. భద్రతా సవరణలు ఆగిపోవడం అదనపు నష్టం. నెల రోజులు ఊపిరి పీల్చుకోవడానికి సరే, అంతకు మించి నేను సిఫార్సు చేయను.

కొత్తదానికే అలవాటు పడదామనుకుంటే, నిజంగా సౌకర్యం పోయిందా, లేక అనుమతి పోయిందా అన్నది మొదట తేల్చుకోవాలి. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, సరిగ్గా చెప్పిన నిమిషానికే మోగించడానికి యాప్‌కు ప్రత్యేక అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపించడానికీ అడగాల్సిందే. వీటికి తోడు బ్యాటరీ పొదుపు ఒకటి. కొన్ని ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను నిర్దాక్షిణ్యంగా ఆపేస్తాయి. ఫోన్ సిస్టమ్ అప్‌డేట్ అయిన రోజు నుంచే మోగడం మానేసిందంటే ముందు ఇక్కడే వెతకండి. ఇవన్నీ సరిగ్గా ఉండి, స్నూజ్ బటనో, రెండో రిమైండర్ పెట్టుకునే వీలో కనిపించడం లేదంటే అప్పుడు దాన్ని తీసేసినట్టే. అది రేపో మాపో తిరిగొస్తుందని కూర్చోవడం దండగ.

నాకు నచ్చిన దారి వేరు. ఖాతా అదే ఉంచి, మోగించే యాప్‌ను మాత్రం మార్చడం. మన తేదీలు ఉండే చోటు, వాటిని మోగించే చోటు ఒకటే కానక్కర్లేదని చాలామంది గమనించరు. ఆండ్రాయిడ్‌లో సింక్ అయిన క్యాలెండర్లను, మనం అనుమతి ఇస్తే, వేరే యాప్‌లూ చదవగలవు. ఈటార్ లాంటి ఓపెన్ సోర్స్ యాప్ పెట్టుకుంటే అవే తేదీలు అందులో కనిపిస్తాయి, గంట కొట్టేది మాత్రం అది. ఐఫోన్‌లో గూగుల్ ఖాతాను ఫోన్‌లోని క్యాలెండర్‌కే కలుపుకోవచ్చు. కంప్యూటర్ మీద థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం ఉంది, 2020 నుంచి క్యాలెండర్ దానిలోనే కలిసి వస్తోంది. తేదీలు ఎక్కడికీ కదలవు కాబట్టి నచ్చకపోతే తీసేయొచ్చు. ఒక్క జాగ్రత్త: పాత యాప్ నోటిఫికేషన్లు ఆపకపోతే ప్రతిదీ రెండుసార్లు మోగి ప్రాణం తీస్తుంది. ఇంకో లోటు, టాస్క్స్‌లో రాసుకున్నవి ఇలాంటి క్యాలెండర్ యాప్‌లలో సాధారణంగా కనిపించవు. మోగాల్సినవాటిని ఈవెంట్లుగా రాసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

సర్వీసునే మార్చేయడం ఇంతకన్నా పెద్ద పని, కోపంలో ఉన్నప్పుడు చేయదగ్గది కాదు. క్యాలెండర్ ఫైళ్లకు 1998 నుంచీ ఐక్యాలెండర్ అనే ఉమ్మడి ప్రమాణం ఉంది. అందులో రిమైండర్లకు "వీఅలారం" (VALARM) అని ప్రత్యేక భాగమే ఉంది. అయినా ఒకచోట నుంచి తీసి ఇంకోచోట వేసేటప్పుడు తేదీలు భద్రంగా చేరి, రిమైండర్లు దారిలో రాలిపోవచ్చు. ఎగుమతి చేసిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ వీఅలారం వరసలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే కొత్త సర్వీసు తన సొంత లెక్క, ఏ అరగంట ముందో, అన్నిటికీ ఒకేలా తగిలించొచ్చు. మీరు వారం ముందు కావాలని పెట్టుకున్నవి గల్లంతే.

ఇక గడియారం యాప్‌లోని అలారం. దీన్ని తక్కువగా చూస్తాం గానీ, నెట్ లేకపోయినా మోగుతుంది, అంత తేలిగ్గా వదలదు. ముఖ్యమైన మందు వేళకో, తెల్లవారుజామున ప్రయాణానికో దీన్ని మించింది లేదు. కాకపోతే మూడు నెలల తర్వాత వచ్చే గడువుకు పనికిరాకపోవచ్చు, కొన్ని ఫోన్లలో అలారానికి వారంలోని రోజులే తప్ప తేదీలు ఉండవు.

కాబట్టి మామూలుగా వాడేవాళ్లకు అదే ఖాతా, వేరే యాప్. తప్పితే కొంప మునిగే రెండు మూడు పనులకు అదనంగా అలారం. కొత్త యాప్‌ను నమ్మే ముందు ఒక ఉత్తుత్తి ఈవెంట్ పెట్టి, దానికి రెండు రిమైండర్లు తగిలించి, ఫోన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి పక్కన పెట్టేయండి. రెండూ మోగితేనే పాతదాన్ని ఆపండి. ఆఫీసు ఖాతా అయితే ఈ స్వేచ్ఛ ఉండకపోవచ్చు. వేరే యాప్ కలపనివ్వకుండా ఐటీ వాళ్లు కట్టడి చేసి ఉంటే, ముఖ్యమైన మీటింగుల వేళలను చేత్తో సొంత క్యాలెండర్‌లో మళ్లీ రాసుకోవడమే. విసుగే, కానీ అక్కడ మోగించే మీట మన చేతిలో ఉంటుంది.