కారు కిందికి దూరకుండా ఆరేళ్లు: ఆయిల్ లాగే పంపుతో నా అనుభవం

కారు ఇంజిన్‌లోని పాత ఆయిల్‌ను పైనుంచి పంపుతో లాగితే మొత్తం వస్తుందా? ఈ పంపు చూసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ఇదే. కొన్న కొత్తలో నాకూ అదే అనుమానం. అందుకే మొదటిసారి పంపుతో లాగడం అయ్యాక, ఏ పని తప్పించుకోవాలని దాన్ని కొన్నానో ఆ పనే చేశాను. కారును జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, కిందికి దూరి, ఇంజిన్ అడుగున పాత ఆయిల్ వదలడానికి ఉండే డ్రెయిన్ బోల్టు విప్పాను. ధార రాలేదు. కాసేపు సన్నగా కారి, ఆ తర్వాత చుక్కల్లోకి దిగింది. కొలిస్తే 120 మిల్లీలీటర్లు. నాలుగు లీటర్లు పట్టే ఇంజిన్‌లో అది 3 శాతం. ఆమాటకొస్తే బోల్టు విప్పి గంటసేపు వదిలేసినా ఇంజిన్ లోపలి దారుల్లో, గోడలకు అంటుకుని కొంత పాత ఆయిల్ ఎలాగూ ఉండిపోతుంది. ఆ రోజుతో నా టెన్షన్ తీరింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ కారుకు పదకొండుసార్లు ఆయిల్ మార్చాను.

అసలు కొనడానికి కారణం ఒక వర్క్‌షాపు. అక్కడ ఎవరో బోల్టును బలమంతా పెట్టి బిగించారు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ అల్యూమినియంది, మర చెడింది. మెల్లగా చెమ్మ, తర్వాత చుక్క, చివరికి ఛాంబరే మార్చాల్సి వచ్చింది. ఆ బోల్టు జోలికి ఎంత తక్కువ వెళితే అంత మంచిదనిపించింది.

నాది చేతిపంపు. ఆరున్నర లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, పైన సైకిల్ పంపు లాంటి పిడి, లావువీ సన్నవీ కొన్ని గొట్టాలు. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసేసి ఆ కన్నంలోంచి గొట్టం దించి, పిడి పదిహేనుసార్లు కొడితే చాలు, ఆయిల్ తనంతట తనే ఎక్కుతుంది. పీల్చడం అంటాం గానీ నిజానికి పంపు డబ్బాలోని గాలిని తీసేస్తుందంతే, ఆయిల్‌ను గొట్టంలోకి నెట్టేది బయటి గాలి ఒత్తిడి. ఆ ఒత్తిడికి ఒక హద్దుంది కాబట్టి చేతులు పడిపోయేలా కొట్టినా పని వేగం పెరగదు. వేగం ఆయిల్ వేడిని బట్టే ఉంటుంది. ఒకసారి చల్లటి ఇంజిన్‌తో మొదలుపెడితే ముప్పావుగంట పట్టింది. ఇప్పుడు కాసేపు కారు నడిపి వచ్చి, పావుగంట ఆగి, ఆయిల్ బాగా వెచ్చగా ఉండగా లాగుతాను. పది నిమిషాల్లో అయిపోతుంది.

వేడి మంచిదే కదా అని దూరప్రయాణం చేసి వచ్చి వెంటనే గొట్టం దించిన తెలివి కూడా నాదే. గొట్టం మెత్తబడి వంపు దగ్గర మడత పడింది. ఆయిల్ ఆగిపోయింది. బయటికి లాగేసరికి ఆ మడత అలాగే గట్టిపడి, ఇక పనికిరాలేదు.

అసలు నేర్పంతా గొట్టం ఎంత లోతుకు దించాలన్న దాంట్లోనే ఉంది. డిప్‌స్టిక్ కొస ఛాంబర్ అడుగును తాకదు. గొట్టం తాకాలి. అలాగని తాకాక ఇంకా తోస్తే లోపల మెలితిరిగి మూతి పైకి లేస్తుంది. గ్లాసు అడుగుకు చేరిన స్ట్రా చేసే గుర్‌గుర్ చప్పుడు అప్పుడూ వస్తుంది, పని అయిపోయిందనుకుంటాం. మూడోసారి నాకు సరిగ్గా అలాగే జరిగింది. వచ్చిన ఆయిల్ కొలిస్తే 2.9 లీటర్లే. కొలవకుండా కొత్త ఆయిల్ నాలుగు లీటర్లూ పోసి ఉంటే లీటరుకు పైగా ఎక్కువయ్యేది. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది. అందుకే ఇప్పుడు చప్పుడు రాగానే గొట్టాన్ని కొద్దిగా పైకి లాగి, తిప్పి, మళ్లీ దించుతాను. రెండు మూడు చోట్ల అలా చేస్తే ఇంకో పావులీటరు వస్తుంది. డబ్బా మీది గీతలను నేను నమ్మను, ఖాళీ ఆయిల్ క్యాన్‌లో పోసి చూసుకుంటాను. కొత్తది పోసేటప్పుడూ అర లీటరు చేతిలో ఆపుకుని, ఇంజిన్ ఒకసారి నడిపి ఆపి, కాసేపయ్యాక డిప్‌స్టిక్ చూసి మిగతాది కలుపుతాను.

ఇదంతా ఆయిల్ ఫిల్టర్ ఇంజిన్ పైభాగంలో ఉన్న కారు కథ. ఫిల్టర్ మూత ముందే వదులు చేస్తే అందులోని ఆయిల్ కూడా ఛాంబర్‌లోకి దిగిపోతుంది, దాన్నీ లాగేయొచ్చు. మా ఇంట్లో రెండో కారుకు ఫిల్టర్ కిందే ఉంది. ఎలాగూ కిందికి దూరాలి కాబట్టి దానికి పంపు వాడటంలో అర్థం లేదు. పైగా దాని డిప్‌స్టిక్ దారిలోంచి గొట్టం అడుగుదాకా చేరదు, ఒకసారి లాగి చూస్తే సగం ఆయిల్ లోపలే ఉండిపోయింది. డిప్‌స్టిక్ లేకుండా సెన్సర్‌తోనే ఆయిల్ మట్టం చూపించే కార్లూ ఉన్నాయి. కొనేముందు మీ కారు ఏ రకమో చూసుకోండి.

డబ్బా ఆరేళ్లకూ బాగానే ఉంది. గొట్టాలు పసుపురంగుకు తిరిగి బిరుసెక్కాయి, ఒకసారి మార్చాను. మూత దగ్గరి రబ్బరు రింగు ఎండిపోతే సందులోంచి గాలి దూరి పంపు లాగదు, వేలితో కాస్త ఆయిల్ రాస్తే మళ్లీ లాగింది. గొట్టం బయటికి తీసేటప్పుడు మూతికి పాత గుడ్డ చుట్టకపోతే ఇంజిన్ మీదంతా నల్లటి చుక్కలే. ఈ పంపుతో పెట్రోల్ మాత్రం లాగొద్దు. ఇది దానికోసం చేసింది కాదు, నిప్పు ప్రమాదం. స్నేహితుడి దగ్గర బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల చిన్న పంపు ఉంది. అదీ వాడి చూశాను. నింపాదిగా లాగుతుంది, త్వరగా వేడెక్కుతుంది. చేతిపంపే నయం.

ఈ పద్ధతి మీద నాకున్న ఫిర్యాదు ఆయిల్ గురించి కాదు. నాలుగో ఏడు వేరే పనికి కారు లిఫ్ట్ ఎక్కిస్తే చక్రాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్ట్ కీలుకు తొడిగిన రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చక్రం లోపలంతా చిమ్మి ఉంది. ఎన్నాళ్లుగా అలా ఉందో! బోల్టు విప్పే రోజుల్లో అయితే ఏడాదికి రెండుసార్లు కింద పడుకునేవాణ్ని, కళ్లముందే కనబడేది. పంపు వచ్చాక కారు అడుగు చూడటమే మానేశాను. బోల్టు కొసన అయస్కాంతం ఉంటే దానికి అంటిన లోహపు పొడి చూసి ఇంజిన్ సంగతి కొంత తెలుస్తుంది, అదీ పోయింది. అప్పటినుంచి ఒకసారి పంపు, ఒకసారి బోల్టు. బిగించేది నేనే, ఎంత బలంతో బిగుస్తోందో కొలిచే టార్క్ రెంచితో.

వచ్చే నెల బోల్టు వంతు. కొత్త వాషర్ తెచ్చిపెట్టాను.