గోడకు ఆనించక తప్పని గదికి ఏ స్పీకర్ డబ్బా మేలు: మూసిందా, గొట్టమున్నదా?

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు కొత్తగా కట్టే ఇళ్లలో పాటలు వినడానికి దొరికే గది చాలావరకు పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న స్లాబు గదే. ఎత్తూ ఇంచుమించు పదడుగులే. కింద టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు, ఒక గాజు కిటికీ. అలాంటి గదికి స్పీకర్లు కొనబోయేవాళ్లు మొదట అడిగేది వూఫర్ (బాస్, అంటే లోతైన శబ్దం, పలికే పెద్ద స్పీకర్) ఎన్ని అంగుళాలని. ఆ తర్వాత అడిగేది, “గోడకి ఆనించేసుకోవచ్చాండీ?” అని. నేనైతే ఈ రెండో ప్రశ్ననే ముందు అడగమంటాను. ఏ డబ్బా కొనాలో దాని జవాబే చెబుతుంది.

వూఫర్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది, వెనకున్న గాలిని లాగుతుంది. వెనక పుట్టిన శబ్దం ముందుకొచ్చి కలిసిందంటే బాస్ అక్కడికక్కడే హరించుకుపోతుంది. దాన్ని అడ్డుకోవడానికే డబ్బా. అందులో రెండు పద్ధతులున్నాయి. అమెరికాలో బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థకు చెందిన ఆల్బర్ట్ థురాస్ 1932లో పేటెంట్ పొందింది గొట్టం పద్ధతి. డబ్బాకు లెక్క ప్రకారం ఒక గొట్టం పెడితే, వెనక శబ్దం తిరగబడి ముందు శబ్దానికి తోడవుతుంది. 1954లో అమెరికాకే చెందిన ఎడ్గార్ విల్చర్ దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టాడు. డబ్బాను గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. చిన్న డబ్బాలోంచి కూడా లోతైన బాస్ వస్తుందని లోకానికి చూపించింది ఆయనే.

అదే సైజు డబ్బాలో గొట్టమున్నది గట్టిగా పలుకుతుంది, ఇంకాస్త కిందికి దిగుతుంది. కానీ దాని హద్దు కన్నా కిందికి దిగాక, ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలన్నది, హెర్ట్జ్‌లలో కొలుస్తారు) సగమయ్యేసరికి శబ్దం 24 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) పడిపోతుంది. మూసిన డబ్బాలో పడేది 12 డెసిబెల్సే, అదీ మెల్లగా. కాగితం మీద గొట్టానిదే గెలుపు. గదిలోకి తెచ్చాక లెక్క మారిపోతుంది.

గోడ దగ్గర పెట్టిన స్పీకర్‌కు గోడే బాస్ కలుపుతుంది. ఒక గోడ వల్ల గరిష్ఠంగా 6 డెసిబెల్స్ దాకా పెరగవచ్చు, మూలలో పెడితే రెండో గోడా తోడవుతుంది. మెల్లగా తగ్గే మూసిన డబ్బాకు ఈ సాయం సరిగ్గా సరిపోతుంది. కిందిదాకా నిండుగా వినిపించేలా తయారుచేసిన గొట్టం డబ్బాకు అదే సాయం చేస్తే బాస్ ఉబ్బిపోతుంది. దానికి తోడు గది సొంత మోత ఒకటి. మన ఎండల్లో, ముప్పై డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. పదడుగుల కొలతకు 57 హెర్ట్జ్ దగ్గర, పన్నెండడుగులకు 48 దగ్గర గది తనంతట తానే మోగుతుంది. వెడల్పూ ఎత్తూ రెండూ పదడుగులే అయితే 57 దగ్గర మోత రెట్టింపు. గొట్టాలను చాలావరకు ట్యూన్ చేసేది, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర బాగా మోగాలో కుదిర్చేది, కూడా ఆ చుట్టుపక్కలే.

మృదంగం వింటే ఈ తేడా క్షణంలో తెలుస్తుంది. ఎడమ చేతి వైపు తొప్పి మీద పడ్డ ‘తొం’ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాలి. స్లాబు గదిలో గోడకానించిన గొట్టం డబ్బాలో అది ఆగదు, సాగుతుంది, తర్వాతి దెబ్బ మీద పరుచుకుంటుంది. ద్రాక్షారామలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణలో ఒక్క మీటు మీద ఎంత గమకం పలుకుతుందో వినాలంటే కింద ఈ బురద ఉండకూడదు. అందుకే ఇలాంటి గదికి మూసిన చిన్న డబ్బానే మేలని గట్టిగా చెబుతాను.

“రెండడుగులు ముందుకు లాగితే సరి” అనే సలహా తరచు వినిపిస్తుంది. తొందరపడకండి. వూఫర్‌కూ వెనక గోడకూ మధ్య దూరం రెండడుగులైతే, గోడను తాకి తిరిగొచ్చిన శబ్దం దాదాపు 140 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. మూడడుగులైతే 95 దగ్గర. మగ గొంతు ఆధార షడ్జం, మృదంగం బరువు ఉండేది సరిగ్గా అక్కడే. ఉంచితే గోడకు పూర్తిగా దగ్గరగా ఉంచాలి, లాగితే నాలుగైదు అడుగులు లాగాలి. పన్నెండడుగుల గదిలో రెండోది ఎవరివల్లా కాదు.

మండువా లోగిలి సంగతి వేరు. కోనసీమలో ఇంకా నిలబడి ఉన్న పెంకుటిళ్లలో చావడి ఒకవైపు ఆకాశానికి తెరిచే ఉంటుంది. బాస్ అటునుంచి వెళ్లిపోతుంది, గది మోత దాదాపు ఉండదు, వాలు కప్పు వల్ల శబ్దం చప్పట్లా తిరిగి కొట్టదు. అక్కడ చిన్న మూసిన డబ్బా పలచగా పలుకుతుంది. నేల మీద నిలబెట్టే పెద్ద గొట్టం డబ్బాలు కొనుక్కోవలసింది ఆ ఇంటివాళ్లే. మండువా వైపు తిప్పి, గోడకు దూరంగా పెడితే వాటి అసలు బలం తెలుస్తుంది.

గొట్టం డబ్బాలు ఇప్పటికే కొనేసి స్లాబు గదిలో ఉంచినవాళ్లు గొట్టంలో స్పాంజి గానీ, చుట్టిన పాత నూలుగుడ్డ గానీ బిగించి చూడండి. బాస్ తగ్గుతుంది, కానీ గట్టిపడుతుంది. మన వైపు బల్లులూ పురుగులూ గొట్టంలో కాపురం పెట్టకుండానూ ఉంటాయి. గొట్టం తెరిచే ఉంచాలనుకుంటే దోమతెర ముక్కయినా కట్టాలి. తేమ మాట కూడా చూసుకోవాలి. వూఫర్ కోన్ (ముందుకూ వెనక్కూ కదిలే గరాటు భాగం) అంచు రబ్బరుదైతే ఏళ్ల తరబడి ఆగుతుంది, ఫోమ్‌ అంచు పొడిపొడిగా రాలిపోతుంది. వడ్రంగి చేత చేయించుకునేవాళ్లు నీటికి ఆగే ప్లైవుడ్ అడగండి. ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) చెమ్మకు ఉబ్బుతుంది. చేయించడానికీ మూసిన డబ్బానే సులువు. గొట్టం పొడవు కాస్త తప్పినా ట్యూనింగ్ పోతుంది. మూసిన డబ్బాలో కావలసిందల్లా అతుకుల్లో గాలి పోకపోవడమే. వూఫర్‌ను నాలుగు వేళ్లతో సమంగా, మెత్తగా లోపలికి నొక్కి వదలండి. నెమ్మదిగా తిరిగొస్తే అతుకులు బాగున్నట్టే.

ఎత్తు విషయంలో ఒక్క మాట. ట్వీటర్ (సన్నని, పై స్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) చెవికి ఎదురుగా ఉండాలి. కుర్చీలో కూర్చునేవారికి మూడడుగుల పైచిలుకు, చాప మీద కూర్చునేవారికి అంతకన్నా బాగా కింద. కూర్చునే చోటు గదికి సరిగ్గా మధ్యలో వద్దు, వెనక గోడకు ఆనుకునీ వద్దు. ఆ గోడ నుంచి గది పొడవులో మూడోవంతు ముందుకు జరగండి.

అంతా అమర్చాక ఘంటసాల గారి 1960ల నాటి పాట ఒకటి పెట్టండి. ఆ రోజుల పాటలు మోనోలో రికార్డయినవి కాబట్టి రెండు స్పీకర్లూ ఒకే శబ్దం పలుకుతాయి. గొంతు రెండింటికీ సరిగ్గా నడుమ, ఒకే చోట నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితేనో, వెడల్పుగా చెదిరితేనో స్పీకర్లను తిట్టకముందు రెండు పక్కలా చూడండి. ఒక వైపు చీరల బీరువా, రెండో వైపు గాజు కిటికీ ఉంటాయి. కిటికీకి మందపాటి తెర వేసి, గొంతు నడుమకు వచ్చేదాకా స్పీకర్లను అంగుళం చొప్పున జరపండి.