చదివిన పుస్తకాల రిజిస్టరు: పద్నాలుగేళ్ళు వాడాక

2011 జనవరి. విజయవాడ స్వరాజ్య మైదానంలో పుస్తకాల పండగ నుంచి రెండు సంచులు మోసుకొచ్చి హాల్లో గచ్చు మీద పరిచాను. మొత్తం పద్నాలుగు పుస్తకాలు. వాటిలో రెండు మా బీరువాలో అప్పటికే ఉన్నాయి. అందులో ఒకటి నేను చదివిందే, వెనకట్ట లోపల నా సంతకం కూడా ఉంది. మా ఆయన పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి, "పోనీలే, ఒకటి నీకు, ఒకటి నాకు" అన్నారు. ఆయన పుస్తకాలు చదవరు.

మర్నాడు బ్యాంకు నుంచి వస్తూ దారిలో రెండు క్వైర్ల రిజిస్టరు కొన్నాను. గళ్ళ అట్ట, ఎర్రగుడ్డ వీపు, అరవై రూపాయలు. 2025 జనవరికి పద్నాలుగేళ్ళు నిండాయి. ఇప్పుడు నాలుగో రిజిస్టరు నడుస్తోంది, వరుస సంఖ్య 871 దగ్గర ఉన్నాను. నెలకి ఒకటో రెండో పుస్తకాల మీద నాలుగు పేజీలు రాస్తూ ఉంటాను కాబట్టి, కొత్తగా రాయడం మొదలుపెట్టిన పిల్లలు కొందరు "ఆంటీ, మీరు ఏ యాప్ వాడతారు?" అని అడుగుతున్నారు. రిజిస్టరమ్మా అంటే నవ్వేస్తున్నారు. ఆ నవ్వుకి జవాబుగానే ఇది రాస్తున్నాను. పొగడ్త మాత్రం కాదు. ఈ రిజిస్టరు నన్ను ఏడిపించింది కూడా.

మొదటి రెండేళ్ళూ శుద్ధ దండగ. వరుస సంఖ్య, తేదీ, పుస్తకం, రచయిత, చివర నక్షత్రాలు. కింద పది లైన్లలో కథ. ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తే కథలు తప్ప ఏమీ లేవు. కథ పుస్తకంలోనే ఉంటుంది కదా, మళ్ళీ నేను రాసిపెట్టుకోవడం దేనికి? నక్షత్రాలైతే మరీ హాస్యం. అందరికీ మూడున్నర, నాలుగు. నాలుగు దాటినవి చూస్తే సగం మా బ్రాంచికి వచ్చి "మీ అభిప్రాయం కోసం" అని చేతిలో పెట్టి వెళ్ళిన కవితా సంపుటాలే. మొహమాటానికి కూడా ఒక గడి గీసుకుని ఉంటే బాగుండేది. 2013 ఉగాదికి నక్షత్రాలు ఎత్తేశాను.

వాటి బదులు ఏం రాయాలో తెలియడానికి ఒక అవమానం జరగాల్సి వచ్చింది. కన్యాశుల్కం మీద ఏదో రాస్తూ, "1897లోనే గురజాడ ఇంత మాట అనిపించారు" అని ఒక పాత్ర మాట ఎత్తి రాశాను. రిటైరైన తెలుగు మాస్టారొకరు అది చదివి ఫోన్ చేశారు. "అమ్మా, నీ దగ్గరున్నది ఏ ముద్రణ?" అన్నారు. నాకేం తెలుసు! "1897 నాటి నాటకం వేరు, 1909లో ఆయన తిరగరాసింది వేరు. ఇప్పుడు మనందరి ఇళ్ళలో ఉండేది రెండోదే. నువ్వు రెండోదాంట్లోంచి మాట తీసి మొదటిదాని సంవత్సరం అంటించావు" అన్నారు. కోప్పడలేదు, అదే ఇంకా బాధ. రిజిస్టరు తీసి చూసుకుంటే కన్యాశుల్కం, గురజాడ అప్పారావు, నాలుగున్నర నక్షత్రాలు. అంతే ఉంది.

ఆ రోజు నుంచి పుస్తకం తెరవగానే ముందు చూసేది లోపలి అట్ట తర్వాతి పేజీ. తెలుగు పుస్తకాల్లో ఆ పేజీ ఒక చిన్న జాతకం. ప్రథమ ముద్రణ ఎప్పుడు, ఇది ఎన్నో ముద్రణ, ప్రతులు వెయ్యా ఐదొందలా, వెల ఎంత, "ప్రతులకు" అని ఎవరి ఇంటి చిరునామా. పాత పుస్తకాలకి ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి ప్రచురణకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉండదు, చాలా కొత్తవాటికీ ఉండదు. ఉన్నా 2007కి ముందు పదంకెలది, ఆ తర్వాత పదమూడంకెలది. కాబట్టి నాకు ఆధారం ఆ జాతకమే. మా అలంకార్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఆ పేజీ చిరిగిపోయిన పుస్తకం దొరికితే, ఎంత మంచిదైనా చేతిలోకి తీసుకునేముందు ఒక్క క్షణం ఆగుతాను. తీసుకుంటాననుకోండి, కానీ ఆగుతాను.

రెండో మార్పు పేజీ నంబరు. ఇప్పుడు నా నోట్సు ఇలా ఉంటుంది: "పే. 88, బావి దగ్గర మాట. పే. 143, ఉత్తరం. పే. 201 మళ్ళీ చూడాలి, నాకు నచ్చలేదు, ఎందుకో చెప్పలేను." కథ ఒక్క లైను కూడా ఉండదు. పుస్తకం ముగించిన రోజే వ్యాసం రాయడం కూడా మానేశాను. పది రోజులాగి రిజిస్టరు తీస్తే, ఆ అరడజను పేజీ నంబర్లలో రెండే ఇంకా లాగుతుంటాయి. వ్యాసం ఆ రెండింటి చుట్టూ రాస్తాను. ముందులా పాత్రల పేర్లన్నీ ఏకరువు పెట్టే రాతలు ఆగిపోయింది అప్పుడే. నా రాతలో బాగుపడింది ఏదైనా ఉంటే అది ఇక్కడే, నెట్‌లో సలహాలు చదివి కాదు.

ఇక్కడో చిక్కు ఉంది. నా పేజీ నంబరు నా ముద్రణకే చెల్లుతుంది. లైబ్రరీ ప్రతి చదివి నోట్సు రాసుకుని, ఆరు నెలలకి అదే పుస్తకం కొత్త ముద్రణ కొంటే అక్షరం సైజు మారి నా 143 వెళ్ళి 119 దగ్గర కూర్చుంటుంది. అందుకని ముద్రణ గడి పక్కనే "ఎక్కడిది" అని ఇంకో గడి గీశాను: కొన్నది, లైబ్రరీ, అప్పు, స్కాను. అధ్యాయం సంఖ్య కూడా రాసుకుంటే మేలని తర్వాత తెలిసింది. 500కి ముందున్న వాటికి అది లేదు. మళ్ళీ పెట్టే ఓపికా లేదు.

రిజిస్టరుకి పెద్ద లోటు వెతుకులాట. తేదీల వరుసలో రాసింది పేర్ల వరుసలో దొరకదు. రెండో రిజిస్టరు నుంచి చివర కొన్ని పేజీలు వదిలి అకారాది పట్టిక వేయడం మొదలుపెట్టాను. ఇంటిపేరుతో వేద్దామంటే మనవాళ్ళ కలం పేర్లు ఊరుకోవు. బుచ్చిబాబు "బ" దగ్గరా, శివరాజు వెంకట సుబ్బారావు కాబట్టి "శ" దగ్గరా? నెల్లాళ్ళు తర్జనభర్జన పడి, అట్ట మీద ఏ పేరుంటే ఆ పేరు అని తీర్మానించుకున్నాను. లైబ్రరీ సైన్సు చదివినవాళ్ళు నన్ను తిడతారని తెలుసు. కానీ పుస్తకం కోసం నేను వెతికేది అట్ట గుర్తుపెట్టుకునే. మొదట్లో అక్షరానికి ఒక్కో పేజీ సమానంగా పంచాను. "ఔ" తో ఇప్పటికీ ఒక్క పేరూ రాలేదు. "వ" మాత్రం తన పేజీ చాలక ఔ పేజీలోకి ఎక్కింది.

2017లో ఇదంతా కంప్యూటర్లో స్ప్రెడ్‌షీటుకి ఎక్కించాను. రిజిస్టరు మానలేదు, పట్టిక పని మాత్రం దానికి అప్పగించాను. అప్పటిదాకా ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునేదాన్ని. ఫోన్లో అయితే అది తనకు నచ్చిన మాట పెట్టేది. నేను "కళ" కొడితే "కల" ఇచ్చి, వాక్యం మీద ఇంకో రసం చల్లేది. మా అబ్బాయి "ఇన్‌స్క్రిప్టు నేర్చుకోమ్మా, రెండు వారాలు" అన్నాడు. తెలుగు అక్షరాలనే నేరుగా మీటలకి పంచిన కీబోర్డు అమరిక అది. మూడు వారాలు పట్టింది. ఎడమ చేతి వైపు అచ్చులూ గుణింతాలూ, కుడి చేతి వైపు హల్లులు. హెచ్ నొక్కితే ప, జి నొక్కితే కొమ్ము, ఎం నొక్కితే స, డి నొక్కితే పొల్లు, ఎల్ అంటే త, కె అంటే క, ఎక్స్ అంటే సున్న. ఏడు నొక్కులు, "పుస్తకం" వచ్చేసింది. మొదటి వారం ఏడుపొచ్చింది. ఇప్పుడు కీబోర్డు చూడను. పొల్లు దగ్గర ఎడమ చేతి నడిమివేలు దానంతట అదే దిగుతుంది. తెలుగులో రోజూ నాలుగు పేరాలు రాసే ఎవరికైనా నేను కళ్ళు మూసుకుని చెప్పే సలహా ఇదొక్కటే.

కంప్యూటర్ ఎక్కితే వెతుకులాట తీరుతుందనుకున్నాను. తీరలేదు, వేషం మార్చింది. ఒక ప్రచురణ సంస్థ పుస్తకాలు నా దగ్గర ఎన్నున్నాయని వెతికితే పన్నెండు చూపించింది. బీరువాలో చేత్తో లెక్కపెడితే ఇరవై మూడు. ఆ సంస్థ పేరులో ఉన్న "బుక్ హౌస్" నేను మూడు రకాలుగా కొట్టాను: మధ్యలో ఖాళీతో ఒకసారి, క కింద హ ఒత్తుగా అతుక్కుపోయి "బుక్హౌస్" అని ఒకసారి, విడదీయడానికి వేసే కంటికి కనబడని అక్షరంతో "బుక్‌హౌస్" అని ఇంకోసారి. మనకి మూడూ ఒకటే, యంత్రానికి మూడూ వేరు. అలాగే కథలు, కధలు. వెంకట, వేంకట. వ్రాసిన, రాసిన. పుస్తకం అట్ట మీద ఎలా ఉంటే అలా కొట్టాలన్న నా పాత తీర్మానమే ఇక్కడ నా కాళ్ళకి అడ్డం పడింది. ఎందుకంటే ఒకే రచయిత పేరు రెండు అట్టల మీద రెండు తీర్లుగా ఉంటుంది. చివరికి పక్కన ఇంకో గడి పెట్టి అందులో నా సొంత వర్ణక్రమంలో పేరు కొడుతున్నాను. వెతికేది ఆ గడిలోనే. అట్ట మీది పేరు అట్ట మర్యాద కోసం అలాగే ఉంచాను.

నెట్‌లో దొరికే పాత పుస్తకాల స్కానుల గురించి రెండు మాటలు. అమూల్యం, కాదనను. కానీ ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి చెవికి తోచినట్టు వాళ్ళు రాసినవి, చాలావాటి లోపల బొమ్మలే తప్ప అక్షరాలు ఉండవు కాబట్టి మాట వెతకలేం. డీటీపీ చేసిన కొత్త పీడీఎఫ్‌లైనా చాలావాటి ఫాంటు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే అక్షర సంకేతం, కాదు. లైను కాపీ చేసి అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. అలాంటివి చదివినప్పుడు నోట్సులో స్కాను పేజీ, అచ్చు పేజీ రెండూ రాసుకోండి. ముందుమాటలు, అట్టలు కలిసి రెండింటికీ పదో పన్నెండో తేడా వస్తుంది.

రిజిస్టరు వెనక నుంచి తిరగేసి అప్పు ఖాతా రాస్తాను. 61 పుస్తకాలు ఇచ్చాను, 19 రాలేదు. ఒకప్పటి సహోద్యోగిని ఒకావిడ "అది మీకు ఇచ్చేశాను కదండీ, దసరాకి" అంటే, దసరా తర్వాత తేదీతో ఆవిడ సంతకం చూపించాను. పుస్తకం వచ్చింది, స్నేహం కొంచెం పలచబడింది. మా వదిన అంది, "పుస్తకానికి కూడా సంతకం పెట్టించుకుంటావుటే! బ్యాంకు బుద్ధి పోనిచ్చుకోలేదు నువ్వు." నిజమే. కానీ సంతకం లేని 2011, 2012లోనే ఆ 19లో పద్నాలుగు పోయాయి.

ఇక అసలు పరీక్ష. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మాది సింగ్ నగర్. బుడమేరు వాగు నీళ్ళు తెల్లారేసరికి వీధిలో ఉన్నాయి, కాఫీ తాగేసరికి గుమ్మం దాటాయి. బియ్యం, మందులు, ఆయన కాగితాల ఫైలు, ల్యాప్‌టాప్ పట్టుకుని పైవాళ్ళ వాటాకి ఎక్కాం. నాలుగు రోజులు అక్కడే. బీరువాలో పై మూడు అరలు నిలిచాయి, కింది అర మునిగింది. రిజిస్టర్లు కింది అరలో ఉండేవి, బరువు కాబట్టి.

నీళ్ళు తీశాక వాటిని ఎండలో పెట్టలేదు. పెడితే కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది. పేజీ పేజీకి మధ్య పాత వార్తాపత్రిక పెట్టి ఫ్యాను కింద ఉంచి, పూటకోసారి పేపర్లు మార్చాను. పది రోజులు పట్టింది. మొదటి రిజిస్టరు, ఆ నక్షత్రాల దండగమారిది, చెక్కుచెదరలేదు. అది రూపాయి బాల్ పెన్నుతో రాసింది. మూడోది జెల్ పెన్ను. 2016 నుంచి 2019 వరకు పేజీలకి పేజీలు లేత నీలం మరకలు. రాత ముచ్చటగా ఉందని పది రూపాయలు పెట్టి కొన్న పెన్నులవి. గడులు, వరుస సంఖ్యలు మాత్రం ఉన్నాయి, వాటికి ఎర్ర బాల్ పెన్ను వాడేదాన్ని. పేజీ నంబర్లూ ఎర్రగానే రాసేదాన్ని. కాబట్టి ఇప్పుడు ఆ రిజిస్టర్లో "పే. 88", "పే. 143" అని ఉంటుంది, పక్కన మరక. పుస్తకం పేరు, ముద్రణ స్ప్రెడ్‌షీటులో దొరుకుతాయి. నేనేం అనుకున్నానో దొరకదు.

ఆ తర్వాత చేసిన మార్పులు చిన్నవే. బాల్ పెన్ను తప్ప ఏదీ ముట్టను. నెలాఖరున ఆ నెల పేజీలకి ఫోన్లో ఫోటోలు తీసి మా అబ్బాయికి పంపుతాను. వాడు తెరిచి చూడడు, ఉంచుతాడు, అది చాలు. రిజిస్టర్లు పై అరకి ఎక్కాయి, బరువుకి అర కొంచెం వంగింది. కలరా ఉండలు మామూలే.

కొనమంటారా అంటే, కొనండి. 2025లో నూట ఎనభై అయింది. కుట్టు బైండింగు చూసుకోండి, జిగురు బైండింగు అయితే రెండేళ్ళకి మధ్యలోంచి విడిపోతుంది. ఫోన్లోనే రాసుకుంటానంటే అదీ మంచిదే, నాకు మాత్రం మంచం మీద పుస్తకం బోర్లా పెట్టి ఫోన్ తీస్తే మళ్ళీ పుస్తకం తిరగేసేది మర్నాడే.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మూడో రిజిస్టరు పట్టుకుని మరకల పక్కనున్న ఎర్ర నంబర్ల ప్రకారం పుస్తకాలు తీయడం మొదలుపెట్టాను. వరుస సంఖ్య 412, సొంత ప్రతి, పే. 143. ఆ పేజీ రెండుసార్లు చదివాను. ఒక పెళ్ళి భోజనం, ఎవరో వడ్డిస్తున్నారు, ఒక ముసలాయన లేచి వెళ్ళిపోతాడు. తొమ్మిదేళ్ళ కిందట ఇందులో నన్ను పట్టుకున్నది ఆ వడ్డనా, ఆ లేచి వెళ్ళడమా, తేల్చుకోలేకపోయాను. 412 కింద కొత్తగా తేదీ వేసి, బాల్ పెన్నుతో రాశాను: "పే. 143. ముసలాయన విస్తరి మడవకుండానే లేచాడు."