గోల్కొండ కోట: ఏ దారిన ఎక్కాలి, ఎక్కడ ఆగాలి

గోల్కొండ అనగానే అందరికీ చప్పట్లే గుర్తొస్తాయి. బాలా హిస్సార్ దర్వాజా దాటగానే వచ్చే గుమ్మటం కింద సరిగ్గా నడిమధ్య నిలబడి కొడితే, కొండ కొసన బారాదరి (నవాబుల దర్బారు మంటపం) దగ్గర వినబడుతుంది. పక్కకి జరిగితే అంత బాగా మోగదు. ఆదివారాలు అందరూ ఒకేసారి కొడుతుంటారు కాబట్టి పైనున్నవాళ్ళకి గోలే మిగులుతుంది. వారం మధ్యలో, పొద్దున 9 గంటలకి గేటు తీయగానే వెళ్ళాలి. టికెట్ 25 రూపాయలు.

ఆ దర్వాజాకి ఎదురుగా అడ్డంగా ఒక గోడ ఉంటుంది, చాలామంది చూడకుండానే దాటేస్తారు. ఏనుగులు వేగంగా పరిగెత్తుకొచ్చి తలుపుని గుద్దకుండా కట్టినది అది. 87 బురుజులు, 8 దర్వాజాలు ఉన్న ఈ కోటని ఔరంగజేబు సైన్యం నెలల తరబడి చుట్టుముట్టినా లాభం లేకపోయింది. 1687లో అమ్ముడుపోయినవాడెవడో లోపలినుంచి తలుపు తీస్తే తప్ప పడలేదు.

నన్నడిగితే ఇక్కడ అసలు చూడాల్సింది నీళ్ళ ఏర్పాటు. దుర్గం చెరువు నీటిని కోటకి తెచ్చి, పర్షియన్ చక్రాలతో (నీళ్ళు తోడే కుండల చక్రాలు) ఒక తొట్టిలోంచి పైనున్న తొట్టిలోకి తోడుతూ అంచెలంచెలుగా కొండెక్కించేవారు. పైనుంచి అది గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల గుండా తన బరువుతోనే దిగి మహళ్ళకీ, ఫౌంటెన్లకీ అందేది. గచ్చు ఊడిన చోట ఆ గొట్టాల గుండ్రటి నోళ్ళు కనిపిస్తాయి. గైడ్‌ని పెట్టుకుంటే ఇవి చూపిస్తాడా, కొండపైదాకా వస్తాడా అని బేరం దగ్గరే అడగండి. కొందరు కిందే చప్పట్లు కొట్టించి ముగించేస్తారు.

పైకి సుమారు 360 మెట్లు, ఎత్తు సమానంగా ఉండదు. అంబర్‌ఖానా (ధాన్యం కొట్టు), రామదాసు బందిఖానా, జగదాంబ గుడి ఉన్న దారిన ఎక్కి, రాణీమహల్ వైపు దిగండి. ఆ రెండోది బాగా నిటారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వచ్చిన దారినే దిగడం మంచిది. బందిఖానాలో రామదాసు చెక్కాడని చెప్పే విగ్రహాలని మసక వెలుతురులో కాసేపు నిలబడితేగానీ పోల్చుకోలేం.

సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకి కూర్చుంటే దోమల క్రీము తప్పనిసరి. బసకి టోలిచౌకి, మెహిదీపట్నం లాడ్జిలు చవక. కాస్త ప్రశాంతంగా కావాలంటే ఇబ్రహీంబాగ్‌లో టూరిజం వాళ్ళ తారామతి బారాదరి హోటల్ ఉంది.